తెల్లచోట్లు

2వ రోజు

ఈ పుస్తకం ముందువైపు సిలిండర్ల వివరాలుంటాయి. నేను వెనకవైపు నుంచి రాస్తున్నాను. రాయమన్నది ఓబద్యా మాస్టారు. నా తర్వాత ఈ పనికి కూర్చునేవాళ్ళకి పనికొస్తుందట. ఆ ముక్క చెప్పటానికి ఆయనకి చాలాసేపు పట్టేలా ఉంటే సగంలో నేనే అందుకుని పూర్తిచేసి, "రాస్తాలెండి" అన్నాను.

నా పేరు కెజియా. ఎర్రగుట్ట గాలిషెడ్డుకి పెద్దని. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరి నుంచి ఎవరు బయటికి వెళ్ళినా నేను నింపిన సిలిండరే వీపున కట్టుకుని వెళ్ళారు. ఒక్కటీ పగల్లేదు. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. ఎక్కువే, కాదనను.

మొన్న సాయంత్రం నుంచి లెక్క మొదలైంది. పస్కా నుంచి వారాల పండుగ దాకా నలభై తొమ్మిది రోజులు, సాయంత్రం కాగానే అందరం నిలబడి ఆ రోజు ఎన్నోదో పైకి చెప్పటం మా యూదుల ఆచారం. గుంటూరు పక్క ఊళ్ళలో మా ముత్తాతలు ఎలా చెప్పారో, ఇక్కడ అంగారకుడి మీద గుట్ట లోపల మేమూ అలాగే చెబుతాం. చివర పండుగనాడు మా ధర్మశాస్త్రం తోరాని అందుకుంటాం. మొన్న లెక్క చెప్పటం అయ్యాక సంఘంవాళ్ళు నావైపు తిరిగి, ఈసారి పాత్రవి నువ్వే అన్నారు.

మా ఊరి తోరా ఎలియాజరు తాత తలలో ఉంది. తోరా రాసి ముత్తాతలు తెచ్చిన తోలుచుట్ట ఇక్కడి పొడిగాలికి ఎండి ఎండి, ఇరవై రెండేళ్ళ కిందట అప్పడంలా విరిగిపోయింది. యంత్రాల్లో దాచినదాన్ని సూర్యుడి మంట తుడిచేసింది. మళ్ళీ దాచాం, మళ్ళీ తుడిచేసింది. విరిగిన ముక్కలు చూసి ప్లాస్టిక్ రేకుల మీద అక్షరాలు ఆదరాబాదరాగా గీసి పెట్టారు, జాగా వృథా కాకుండా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. కానీ ఆ హీబ్రూ అక్షరాలకి అచ్చులుండవు, రాగం ఉండదు. వాటిని ఎలా పలకాలో తాత గొంతుకే తెలుసు, మా రాగం తెలిసినవాళ్ళు భూమ్మీద కూడా మిగల్లేదు. కిందటేడు భూమి నుంచి ఆరు మేకలు వచ్చాయి. ఇంకో నాలుగేళ్ళకి తోళ్ళు సరిపడా అవుతాయి, కొత్త చుట్ట రాసుకోవచ్చు. తాతకి ఎనభై ఆరు. డాక్టరు నాలుగేళ్ళ మాట ఎత్తలేదు. రెండు నెలలన్నాడు.

అందుకని తాత తలలోది ఈలోపు ఇంకో తలలోకి పోవాలి. ఆ తల ఇచ్చేవాళ్ళనే పాత్ర అంటాం. దానికి తలకట్టు ఉంది. మామూలుగా వెల్డింగు నేర్పటానికి వాడతాం. చెప్పేవాళ్ళొకటి, వినేవాళ్ళొకటి పెట్టుకుంటే చెప్పింది చెప్పినట్టు వినేవాళ్ళ జ్ఞాపకంలోకి దిగుతుంది. కిందటేడు ఓబద్యా మాస్టారు కూర్చున్నారు. ఊళ్ళో ఆయనంత చదువుకున్నవాళ్ళు లేరు. ఒక్కరోజులో మొదటి కాండమంతా లాగేద్దామని తనే మీట చివరిదాకా తిప్పుకున్నారు. ఎక్కిందంతా పోయింది, పైగా మాట నత్తి పడింది. బడి చెప్పటం కూడా మానేశారు.

"నాకంటే తెలివైనవాళ్ళు దొరకలేదా?" అన్నాను. తాత నన్నే కావాలన్నాడట. ఆడమనిషా అని ఒకరిద్దరు గొణిగితే, "గొంతుకి మీసాలుంటయ్యా?" అన్నాడట.

నాకు భయంగా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

4వ రోజు

తాత మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. తలకట్టుకి రెండు దీపాలు. వినేవాళ్ళ బుర్రలో సొంత రొద ఆగితే పచ్చది వెలుగుతుంది, అప్పుడే లోపలికి దిగుతుంది. లేకపోతే ఎర్రది. గంటన్నర కూర్చున్నాను. ఎర్రదే.

తాత ఆపి అడిగాడు. "ఏం ఆలోచిస్తన్నావమ్మాయ్?"

"ఏం లేదు తాతా."

"ఏం లేకపోతే పచ్చది ఎలగాలిగా. చెప్పు, పర్లేదు."

"మీ ఇంటి గాలిగొట్టం వాషరు అరిగింది. నేనొచ్చిన కాణ్ణించి ఈల వేస్తంది."

తాతకి నవ్వాగలేదు. వంటగదిలోంచి ఆయన కూతురు తిర్సక్క అరిచింది. "మూడు నెలల్నించి చెప్తన్నా మీ షెడ్డోళ్ళకి. ఎట్టాగూ వచ్చావు, మార్చేసి పో!"

మార్చేసి వచ్చాను. ఇవాళ జరిగిన పని అదొక్కటే.

8వ రోజు

పచ్చది వెలిగింది!

పొద్దున గనివాళ్ళ కోసం నలభై సిలిండర్లు నింపాను. ఈ పని తొందరపడితే కుదరదు. ముందు లోపల మిగిలిన పాత గాలి పూర్తిగా వదిలెయ్యాలి. తర్వాత కొత్తది నెమ్మదిగా పట్టాలి. గబగబా పడితే సిలిండరు వేడెక్కి ఎక్కడో అక్కడ చీలుతుంది. పైన గీత దగ్గరికి రాగానే ఆపాలి, నిండా పట్టకూడదు. నలభై అయ్యేసరికి నా బుర్రలో తిట్టుకోవటానికి కూడా ఓపిక లేదు. అలాగే పోయి పీట మీద కూలబడ్డాను. తాత మొదలుపెట్టిన కాసేపటికి తిర్సక్క "పచ్చది, పచ్చది" అని గుసగుసలాడింది.

మొదటి భాగం దిగింది. ఇంటికి నడుస్తుంటే దానంతటదే లోపల వినిపిస్తోంది, తాత గొంతుతో. గోంగూర ట్రేల దగ్గర ఆగి ఏడ్చాను. సంతోషంతోనే.

17వ రోజు

ఇప్పుడు రోజుకి రెండు భాగాలు, ఒక్కోరోజు మూడు. మొత్తం ఏభై నాలుగులో పదహారు నా దగ్గరున్నాయి.

ఒక్కటే బెంగ. తాత చెబుతూ చెబుతూ ఆగిపోతున్నాడు. ఒకసారి ఆగితే నాలుగు ఊపిర్లు, ఒక్కోసారి తొమ్మిది. కళ్ళు మూసుకుని ఊరకే ఉంటాడు. మందిరంలో చదివేటప్పుడూ ఇంతే. ముసలి ఊపిరితిత్తులు, గాలి అందటం లేదు. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే కాబట్టి షెడ్డు నుంచి ఇంకో సిలిండరు మోసుకొచ్చి ఆయన ముక్కుగొట్టానికి తగిలించాను.

"అమ్మాయ్, ఆ ఆగేది..." అన్నాడు.

"తెలుసు తాతా, ఆయాసం. ఇక రాదు చూడు."

ఎదురు కూర్చున్న ఓబద్యా మాస్టారు చెయ్యెత్తారు. "అ-అ-అది..."

"అది ఖర్చేం కాదు మాస్టారూ, నా వాటాలోదే" అన్నాను. ఆయన చెయ్యి దించేశారు.

24వ రోజు

సంఘం ముందు పరీక్షగా మూడు భాగాలు వినిపించాను. తాతకి గంట పట్టేది నేను నలభై నిమిషాల్లో ముగించాను. ఆయన ఆయాసంతో ఆగిన చోట్లన్నీ నేను ఆగకుండా కలిపేసుకున్నాను. రేకుల మీది రాతతో సరిచూశారు. ఒక్క అక్షరం తప్పులేదు. ఆ రాతలో ఎక్కడా ఆగినట్టు లేదు కూడా. పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. గర్వంగా అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం.

బయటికొస్తుంటే ఓబద్యా మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "కె-కెజియా, తె-తె..."

"తెలుసు మాస్టారూ, ఇంకా బోలెడుంది. ఇప్పుడే పొంగిపోనులెండి."

ఆయన తల అడ్డంగా ఊపారు. షెడ్డులో పనుందని వచ్చేశాను.

30వ రోజు

నాలుగు రోజులుగా ఎర్రదే. ముప్ఫై ఆరు భాగాలయ్యాయి, పద్దెనిమిది మిగిలాయి, ఇక అంగుళం కదలటం లేదు. తాత గొంతు సన్నబడిపోయింది. రెండో సిలిండరు పెట్టినా ఆగటం మానలేదు, పైగా తల దిమ్ముగా ఉందంటున్నాడట. ఇవాళ ఆగినప్పుడు ఉండబట్టలేక, "తర్వాతది చెప్పు తాతా, టైం లేదు!" అని అరిచాను. ఎనభై ఆరేళ్ళ మనిషి మీద అరిచాను. తిర్సక్క నన్ను బయటికి పొమ్మంది. పొమ్మనక ఏం చేస్తుంది?

తాత పోతే ఆ పద్దెనిమిదీ పోతాయి. చుట్ట రాసినా మా పిల్లలకి అందులో మూడోవంతు పలకటం రాదు. దానికి కారణం కెజియా అని చెప్పుకుంటారు. పోనీ చెప్పుకోనీ, నాకు ఆ మూడోవంతు గురించే దిగులు.

31వ రోజు

సిలిండరు పగిలింది.

నేనే పగలగొట్టాను. నిన్నటి చిరాకు ఇంకా తగ్గలేదు. గనివాళ్ళు తొందరపెడుతున్నారు. పాత గాలి వదలకుండా, మీట బార్లా తిప్పి పట్టాను. వేడెక్కుతున్నట్టు చేతికి తెలుస్తూనే ఉంది, అయినా ఆపలేదు. సిలిండరు తల చీలి, వాల్వు ఊడి పైకప్పుకి తగిలింది. దేవుడి దయ, షెడ్డులో నేనొక్కదాన్నే. ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిది.

దుమ్ము గొంతులో పడి మాట పెగల్లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. చప్పుడు విని అందరికంటే ముందు వచ్చింది ఓబద్యా మాస్టారు. నీళ్ళు తెచ్చి ఇచ్చారు. పక్కన కూర్చున్నారు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు గొంతు లేదు కాబట్టి అందుకోవటానికి వీల్లేకపోయింది. ఆయన మాటంతా మొదటిసారి పూర్తిగా విన్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు.

"తె-తెలుపు," అన్నారు. "చు-చుట్టలో తెల్లచోట్లు ఉండేవి. తాత చదువుతుంటే నేను ప-పక్కన నిలబడి అక్షరాల మీద పుల్ల పెట్టి చూపేవాణ్ణి. ఇ-ఇరవై ఏళ్ళు నాకప్పుడు. మ-మాటకీ మాటకీ మధ్య కాదు. ఒక సంగతి అ-అయ్యాక ఇంకో సంగతి మొదలయ్యేలోపు. కొన్ని చి-చిన్నవి. కొన్ని పంక్తి చివరిదాకా ఖాళీ. అ-అవి ఎక్కడుండాలో అక్కడ లేకపోతే చుట్ట చె-చెల్లదు. రేకుల మీద గీసినవాళ్ళు ము-ముక్కలు చూసి గీశారు, తెలుపు వాళ్ళకి క-కనపళ్ళేదు. తాత ఆ-ఆయాసంతో ఆగట్లేదు కెజియా. తె-తెలుపు చదువుతున్నాడు."

నేను ముప్ఫై ఆరు భాగాల్లోనూ ఆ తెలుపుని తీసి పారేశాను. ఈ మనిషి అదే చెప్పటానికి రెండు వారాలుగా నా వెంట పడుతున్నాడు. ఆయన చేతులు పట్టుకున్నాను. క్షమించమని అడగటానికి కూడా గొంతు రాలేదు.

32వ రోజు

గొంతు కాస్త వచ్చింది. తిన్నగా తాత దగ్గరికి వెళ్ళాను.

"తాతా, నువ్వు ఆగేది ఊపిరందకా, కావాలనా?"

"ఇన్నాళ్ళకి అడిగావు. ఊపిరందకైతే నువ్వు తెచ్చిన గాలికి ఈపాటికి లేచి పరిగెత్తేవాణ్ణి కదమ్మాయ్. తల తిరిగిపోతంది దాంతోటి. ఆ రెండోది పట్టకపో."

"ముందే చెప్పొచ్చుగా!"

"మొదలెట్టాగా. నువ్వే పూర్తిచేశావు."

తిర్సక్క రెండో సిలిండరు విప్పి తలుపు పక్కన పెట్టింది.

"ఆ చోట్లలో ఏముంటది తాతా?"

"ఏముంటది? ఏం ఉండదు. ఇనేవాడు కూర్చోటానికి వదిలిన జాగా అది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు, ఈసారి నిజంగానే. "దేవుడు లోకాన్ని చేసేముందు మొట్టమొదట చేసిన పనేందో తెలుసా? పక్కకి జరిగాడు. అంతా ఆయనే నిండి ఉంటే మనం యాడుండాలి? జరిగి చోటిచ్చాడు. ఆ చోట్లో పాత్రలు పెట్టి ఎలుగు పోశాడు. మొదటి పాత్రలు పగిలిపోయినయ్యి."

"ఎందుకని?"

"మా పెద్దోళ్ళు చెప్పింది చెప్తన్నా. ప్రతి పాత్రా ఎలుగంతా నాకే అనుకుందంట. పక్కదానికి ఇయ్యటానికి దారి పెట్టుకోలా."

"వాల్వు బిగించేసుకున్నయ్యన్నమాట" అన్నాను. నిన్నటి చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

"ఆఁ, నీ లెక్కన అంతే."

"మరి నన్నెందుకు కావాలన్నావు? ఊళ్ళో నా అంత నోరున్న మనిషి లేదని నీకు తెలుసుగా."

"సిలిండరు నింపేముందు నువ్వు పాత గాలి వదిలేస్తావు. గీత కాడికి రాగానే ఆపుతావు. ఇరవయ్యేళ్ళ నించి కిటికీలోంచి చూస్తన్నా. చేతికొచ్చింది నోటికి రాకపోద్దా అనుకున్నా." కళ్ళు మూసుకుని అన్నాడు. "కాస్త ఆలస్యమైంది. వస్తదిలే."

ఆ తర్వాత తలకట్టు పెట్టుకున్నాం. ఆయన ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. ఏమీ చెయ్యలేదు, తర్వాతి మాట కోసం ఎదురు కూడా చూడలేదు. పచ్చది వెలిగిందని తిర్సక్క చెబితేనే తెలిసింది.

40వ రోజు

పొద్దున కొత్త భాగం, మధ్యాహ్నం పాతవాటిలో పోగొట్టిన తెల్లచోట్లు. పాతవాటికి తాత మాటలు చెప్పనక్కర్లేదు, అవి నా దగ్గరున్నాయి. నేను చెబుతుంటే ఆగాల్సిన చోట ఆయన వేలెత్తుతాడు. ఎత్తిన వేలు దించేదాకా ఆగుతాను. ఆయనకి ఓపిక మిగులుతోంది, నాకు తెలుపు దొరుకుతోంది. ఓబద్యా మాస్టారు ఒక్కో చోటినీ రేకుల మీద గీతపెట్టి గుర్తిస్తున్నారు. కానీ అది ఎంతసేపో గీత చెప్పలేదు, అందుకే నేను కావాలి.

తొమ్మిది భాగాలు మిగిలాయి. షెడ్డులో నా నోరు తగ్గిందని గనివాళ్ళు నాకు జ్వరమేమో అనుకుంటున్నారు.

47వ రోజు

చివరి భాగం మిగిలి ఉండగా తాత గొంతు పోయింది. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. తలకట్టుకి శబ్దం కావాలి. డాక్టరు వచ్చి చూసి, నొప్పేం లేదు, ఇక ఇంతే అన్నాడు. తిర్సక్క గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అన్ని రోజులు నేను తగలేశాను. ఎర్రది వెలిగిన ఆ నాలుగు రోజుల్లో ఒక్కటి మిగిలినా ఈ భాగం కూడా దక్కేది.

తాత నా వేళ్ళు పట్టుకుని నొక్కాడు. తర్వాత ఓబద్యా మాస్టారి చేతిలో రేకువైపు గడ్డం చూపించాడు. మాస్టారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం తెల్లబోయింది. "నే-నేనా?" అన్నారు. నత్తి వచ్చాక ఆయన నలుగురిలో ఒక్క పంక్తి పైకి చదవలేదు.

చదివారు. ఒక్కో మాట ఆయన పలికితే, రాగం కట్టి నేను పలికాను. సరిగ్గా ఉంటే తాత నా వేలు నొక్కుతాడు. నొక్కకపోతే ఇద్దరం మళ్ళీ వెతుకుతాం, అచ్చు మార్చి, రాగం మార్చి, నొక్కేదాకా. మాస్టారు మాట దగ్గర ఇరుక్కున్నప్పుడు నేను ఆగాను. ఎన్నిసార్లు ఆగానో లెక్కలేదు. తెల్లచోటు వచ్చినప్పుడు తాత నా చెయ్యంతా గట్టిగా పట్టుకుని, అది పూర్తయ్యాక వదిలేవాడు. పొద్దున కూర్చున్నవాళ్ళం భోజనాల వేళ దాటాక లేచాం. తలకట్టు లేకుండా, ముగ్గురి మధ్యా పోగుచేసుకున్న భాగం అదొక్కటే. నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది కూడా అదే.

పండుగ అయ్యాక

పండుగనాడు రాయకూడదు, అందుకని ఇవాళ రాస్తున్నాను. తాత ఉన్నాడు. ముందు ఆ మాట రాయాలి.

మందిరంలో ఊరంతా ఉంది. మంట గాలి తింటుందని మామూలుగా ఒక్క దీపం వత్తికే గాలి వాటా ఇస్తాం, ఈసారి షెడ్డు తరఫున రెండిచ్చాను. తాతని కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను నిలబడి కొండ దగ్గర దేవుడు పది ఆజ్ఞలిచ్చిన భాగం మొదలుపెట్టాను. మొదటి తెల్లచోటు వచ్చింది. ఆగాను.

తొమ్మిది ఊపిర్లు. గాలియంత్రం తిరిగే చప్పుడు వినిపించింది. దొడ్లోంచి ఒక మేక అరిచింది. నేను మర్చిపోయాననుకుని ముందు వరసలో ఒక పిన్నిగారు తర్వాతి మాట అందించారు. తాత వేలెత్తాడు, ఆవిడ నోరు మూసుకున్నారు. అప్పుడు చూశాను తాత మొహాన్ని. కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో చదివేవాడు ఆయనొక్కడే. ఆ చోట్లని తను వదలటమే గానీ, వచ్చి కూర్చోటానికి ఆయనకి ఎన్నడూ కుదరలేదు. ఆ రోజు కూర్చున్నాడు. తొమ్మిదో ఊపిరికి మళ్ళీ మొదలుపెట్టాను.

చదవటం అయ్యాక ముగింపు దీవెన ఓబద్యా మాస్టారు చెప్పాలని సంఘాన్ని అడిగింది నేనే. ఆయన లేచారు. రెండు మాటలు బాగానే వచ్చాయి. మూడోది ఇరుక్కుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి, మొహం ఎర్రబడింది. ఆ మాట నా నాలుక చివరనే ఉంది. మందిరంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట. అందరూ నావైపే చూశారు, నేను అందిస్తానని. నా సంగతి వాళ్ళకి తెలుసు కదా.

పెదవులు బిగించుకుని ఊపిర్లు లెక్కపెట్టాను. తొమ్మిది దాటింది. పది. పదకొండుకి ఆ మాట వచ్చింది, ఆయన గొంతులోనే, పూర్తిగా. తర్వాతవి వాటంతటవే వచ్చాయి.

ఆమేన్ అన్నాం. దాన్ని కూడా ఎవరూ తొందరపడి అనలేదు.